తొలి వెలుగులు - తొందరపాటు తీర్పులు

ఆకాశంలో దూరాన్ని చూడడమంటే గతాన్ని చూడడమే. సూర్యుని కాంతి భూమిని చేరడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. చీకటి రాత్రి మామూలు కంటికి కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ వెలుతురు సుమారు 25 లక్షల సంవత్సరాల కిందట బయలుదేరినది. ఇంకా దూరం చూడగలిగితే, విశ్వం పసిబిడ్డగా ఉన్ననాటి దృశ్యం కంటబడుతుంది. 1380 కోట్ల సంవత్సరాల వయస్సు గల ఈ విశ్వంలో మొట్టమొదటి నక్షత్రాలు ఎప్పుడు వెలిగాయి, అవి గుంపులు కట్టి గెలాక్సీలుగా ఎప్పుడు రూపొందాయి అనే ప్రశ్నకు సమాధానం దూరదర్శిని తీసిన చిత్రాలలో దొరకవలసిందే. కాని ఆ చిత్రాలలో తొలి గెలాక్సీ తన పేరు రాసుకొని కనిపించదు. వేలాది చుక్కల నడుమ ఒక మసక ఎర్ర చుక్కగా ఉంటుంది.

ఆ చుక్కను చూపి "ఇదే విశ్వంలోకెల్లా పురాతనమైన గెలాక్సీ" అని ప్రకటించడానికి ఎంత సాక్ష్యం కావాలి? గడచిన మూడు దశాబ్దాలలో ఈ ప్రశ్నకు ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా సమాధానం చెప్పారు. కొన్నిసార్లు తొందరపడ్డారు. కొన్నిసార్లు మితిమీరి సందేహించారు. ఈ రెండింటిలో మొదటిదానిని మాత్రమే లోకం తప్పుగా లెక్కించడం సమంజసం కాదు.

దూరాన్ని కొలవడానికి ఈ శాస్త్రంలో గజంబద్ద లేదు. ఉన్నది వెలుతురు ఒక్కటే. విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల, దూరపు గెలాక్సీ నుండి బయలుదేరిన కాంతి తరంగం దారి పొడవునా సాగుతూ వస్తుంది. అతినీలలోహిత కాంతిగా బయలుదేరినది ఎరుపుగానో, ఎరుపునకు ఆవల ఉన్న పరారుణ కాంతిగానో ఇక్కడికి చేరుతుంది. ఈ సాగుదలకే అరుణ విస్థాపనం అని పేరు. లెక్క సులభం. అరుణ విస్థాపనం విలువకు ఒకటి కలిపితే తరంగం ఎన్ని రెట్లు సాగిందో తెలుస్తుంది. విలువ 3 అయితే నాలుగు రెట్లు, 14 అయితే పదిహేను రెట్లు. విలువ పెరిగిన కొద్దీ ఆ గెలాక్సీ అంత పూర్వకాలానికి చెందినది.

అయితే ఎంత సాగిందో తెలియాలంటే మొదట ఎంత ఉన్నదో తెలియాలి. ఈ చిక్కును విప్పినది విశ్వంలో అన్నింటికంటె విస్తారంగా ఉన్న హైడ్రోజన్ వాయువే. 91.2 నానోమీటర్ల కంటె తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని హైడ్రోజన్ పరమాణువు మింగివేస్తుంది. ఈ హద్దును అమెరికా భౌతిక శాస్త్రవేత్త థియోడర్ లైమన్ పేరుతో పిలుస్తారు. విశ్వపు తొలి దశలోకి వెళ్లిన కొద్దీ గెలాక్సీల మధ్యనున్న హైడ్రోజన్ కూడా దట్టంగా అడ్డుపడుతుంది. అప్పుడు 121.6 నానోమీటర్లకు తక్కువైన కాంతి దాదాపు పూర్తిగా మాయమవుతుంది. ఫలితంగా దూరపు గెలాక్సీ కాంతి ఒకచోట కత్తితో కోసినట్లు తెగిపోయి ఉంటుంది. ఆ తెగిన చోటు కూడా కాంతితో పాటు సాగి, ఎరుపు దిక్కుగా జరుగుతుంది.

ఇక చేయవలసినది, ఒకే ఆకాశభాగాన్ని వేరువేరు ఫిల్టర్ల గుండా చిత్రించడం. తెగిన చోటుకు ఎరుపువైపు ఉన్న ఫిల్టర్లన్నింటిలోనూ చుక్క కనిపిస్తుంది. నీలం వైపున ఉన్న ఫిల్టర్లలో ఆ చోట చీకటి మాత్రమే మిగులుతుంది. ఎక్కడ మాయమైందో చూసి అరుణ విస్థాపనాన్ని అంచనా కట్టవచ్చు. 1990ల తొలి సంవత్సరాలలో చార్లెస్ స్టైడెల్, ఆయన సహచరులు ఈ పద్ధతిని పట్టుదలతో అమలుపరిచారు. అరుణ విస్థాపనం 3 ఉన్న గెలాక్సీలో 91.2 నానోమీటర్ల హద్దు 365 నానోమీటర్ల దగ్గరకు జరుగుతుంది. కాబట్టి అటువంటి గెలాక్సీ అతినీలలోహిత ఫిల్టరులో మాయమై, ఆకుపచ్చ, ఎరుపు ఫిల్టర్లలో నిలుస్తుంది. ఈ జల్లెడతో ఏరిన చుక్కలను వారు హవాయి ద్వీపంలోని కెక్ దూరదర్శినితో ఒక్కొక్కటిగా పరీక్షించి, అవి నిజంగానే అంత దూరానివని 1996లో నిరూపించారు. ఇందులో గమనించదగిన విషయం, వారు ఏరడంతో ఆగలేదు. పరీక్షించిన తరువాతనే పద్ధతిని నమ్మమన్నారు.

సరిగా ఆ రోజులలోనే హబుల్ అంతరిక్ష దూరదర్శిని ఒక సాహసం చేసింది. 1995 డిసెంబర్ 18 నుండి 28 వరకు సప్తర్షి మండలంలో, ఏమీ లేనట్లు కనిపించే ఒక చిన్న చోటును పది రోజులపాటు రెప్పవాల్చకుండా చూసింది. నాటి హబుల్ విజ్ఞాన సంస్థ సంచాలకుడు రాబర్ట్ విలియమ్స్ తన విచక్షణాధికారం కింద ఉన్న సమయాన్ని ఇందుకు కేటాయించారు. శూన్యం వైపు చూస్తూ కూర్చుంటే విలువైన కాలం వృథా అవుతుందని వారించిన పెద్దలూ లేకపోలేదు. 342 చిత్రాలను ఒకటిగా కూర్చి చూడగా సుమారు 3000 గెలాక్సీలు బయటపడ్డాయి. 2003-04లో దక్షిణాకాశంలోని ఫోర్నాక్స్ దిక్కున తీసిన మరింత లోతైన చిత్రంలో సుమారు 10,000 లెక్కకు వచ్చాయి. అన్ని వేల చుక్కలకు వర్ణపటం తీయడం ఏ దూరదర్శినికీ సాధ్యం కాదు. ఒక్కొక్క మసక చుక్కకు గంటల కాలం పడుతుంది. అందువల్ల ముందుగా జల్లెడ పట్టక తప్పదు.

ఇంత చక్కని జల్లెడకూ కంతలున్నాయి. ధూళి నిండిన గెలాక్సీ ఏదైనా ఎర్రగానే కనిపిస్తుంది. ధూళి ముందుగా నీలికాంతిని అడ్డగిస్తుంది కనుక, అసలే మసకగా ఉన్న గెలాక్సీ నీలి ఫిల్టరులో మాయం కావచ్చు. ముసలి నక్షత్రాలతో నిండిన గెలాక్సీ కాంతిలో 400 నానోమీటర్ల సమీపంలో సహజంగానే ఒక మెట్టు ఉంటుంది. ఆ మెట్టు సాగి వచ్చి లైమన్ తెగుదల వేషం వేస్తుంది. అన్నింటికంటె చిత్రమైన వేషధారి మాత్రం ఇంటి పక్కనే కాపురముంటుంది. నక్షత్రంగా మండడానికి చాలినంత ద్రవ్యరాశి లేక, గ్రహంగా మిగలనూ లేక చల్లగా మినుకుమనే గోధుమ మరుగుజ్జులు పాలపుంతలో అనేకం ఉన్నాయి. వాటి వాతావరణంలోని నీటి ఆవిరి, మీథేన్ వాయువు కాంతిని అక్కడక్కడ మింగడం వల్ల అవి కూడా కొన్ని ఫిల్టర్లలో కనిపించి కొన్నింటిలో కనిపించవు. పొరుగింటి మిణుగురు విశ్వపు పొలిమేర దీపంగా చలామణి కావడం నవ్వు పుట్టించవచ్చు గాని, దూరపు గెలాక్సీల జాబితాలలో ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది.

తొందర ఏ పర్యవసానానికి దారి తీస్తుందో 2004లో తెలిసివచ్చింది. ఆ సంవత్సరం మార్చిలో ఐరోపా పరిశోధకుల బృందమొకటి చిలీలోని పెద్ద దూరదర్శిని సహాయంతో, ఏబెల్ 1835 అనే గెలాక్సీల గుంపు వెనుక అరుణ విస్థాపనం 10 గల గెలాక్సీ దొరికిందని ప్రకటించింది. ఆ గుంపు గురుత్వాకర్షణ కటకంలా పనిచేసి వెనుకనున్న కాంతిని పెద్దది చేసి చూపుతుంది. ప్రకటన గొప్ప సంచలనం కలిగించింది. ఆ యేడు గడవకముందే ఇతరులు అదే వర్ణపటాన్ని తిరిగి పరిశీలించగా, చెప్పిన ఉద్గార రేఖ కనిపించలేదు. మరొక దూరదర్శినితో చూసినవారికి చుక్కే కనిపించలేదు. ఆ రికార్డు అంతటితో జారిపోయింది.

వర్ణపటం ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదని 2010 నాటి మరో ఉదంతం చెబుతుంది. హబుల్ చిత్రంలో దొరికిన ఒక చుక్కకు అరుణ విస్థాపనం 8.6 అని, అదీ వర్ణపటం ఆధారంగానే, ప్రసిద్ధ విజ్ఞాన పత్రికలో వ్యాసం వెలువడింది. మూడేళ్ల తరువాత వేరొక బృందం మరింత నిశితంగా చూసినప్పుడు ఆ రేఖ జాడ లేదు. రోదలో మాట వినిపించినట్లు భ్రమ కలగడం వంటిదే ఇది. ఒకే ఒక్క సన్నని రేఖ మీద ఇంత పెద్ద కట్టడం నిలపడం సాహసమే.

ఇటువంటి ఉదంతాలు విన్నవారు సహజంగానే ఒక నిర్ణయానికి వస్తారు. అనుమానం ఉన్నప్పుడు చుక్కను కొట్టివేయడమే మేలని. ఇది పైకి వివేకంగా తోస్తుంది. కాని హబుల్ లోతైన చిత్రంలోని మరో చుక్క కథ దీనిని పూర్వపక్షం చేస్తుంది. 2011 జనవరిలో రిచర్డ్ బౌవెన్స్, గార్త్ ఇల్లింగ్‌వర్త్ ప్రభృతులు ఒకే ఒక్క ఫిల్టరులో కనిపించిన చుక్కను అరుణ విస్థాపనం 10 గల గెలాక్సీ కావచ్చునని సూచించారు. ఒక ఫిల్టరులో మాత్రమే కనిపించినదానిని ఎలా నమ్మడం అన్న ఆక్షేపణ వెంటనే వచ్చింది. 2012లో మరిన్ని ఫిల్టర్లతో చూసినప్పుడు, అది గెలాక్సీయే అయితే అరుణ విస్థాపనం 12 సమీపంలో ఉండాలని తేలింది. అంత వెలుగుతో అంత దూరాన ఉండడం నమ్మశక్యంగా లేదు. మరుసటి సంవత్సరం దొరికిన మసక రేఖను బట్టి, అది దగ్గరి గెలాక్సీయే కావచ్చునన్న అభిప్రాయం బలపడింది. చుక్క దాదాపు మరుగున పడింది. చివరకు 2022లో వెబ్ దూరదర్శిని దాని వర్ణపటాన్ని పట్టుకొన్నది. అరుణ విస్థాపనం 11కు పైగానే ఉంది. మహావిస్ఫోటం జరిగిన సుమారు 40 కోట్ల సంవత్సరాల నాటి గెలాక్సీ అది. పదేళ్లు శంకించబడిన చుక్క నిజమైనదని తేలింది. దానిని పనికిరానిదని పారవేసి ఉంటే, తాలుతో పాటు గింజను కూడా గాలికి వదిలినట్లయ్యేది.

హబుల్‌కు ఉన్న పరిమితి కూడా ఇందులో కనిపిస్తుంది. అది 1.7 మైక్రోమీటర్ల వరకే చూడగలదు. అరుణ విస్థాపనం 13 దాటిన గెలాక్సీ కాంతి ఆ హద్దుకు ఆవలనే మొదలవుతుంది. 2021 డిసెంబర్ 25న దక్షిణ అమెరికాలోని కురూ కేంద్రం నుండి బయలుదేరిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ గోడను దాటడానికే నిర్మించబడింది. 18 పలకలతో కూర్చిన దాని అద్దం వ్యాసం 6.5 మీటర్లు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుని వేడి తగలకుండా తెర చాటున ఉండి పరారుణ కాంతిని స్వీకరిస్తుంది.

2022 జూలై 11, 12 తేదీలలో దాని తొలి వర్ణచిత్రాలు వెల్లడయ్యాయి. కొద్ది రోజులకే కొత్త గెలాక్సీలను గురించిన పరిశోధన వ్యాసాలు వరుస కట్టాయి. అరుణ విస్థాపనం 13 అని ఒకరు, 14 అని మరొకరు, 16 దాటిందని ఇంకొకరు రాశారు. వారం తిరగకుండానే రికార్డులు మారాయి. దీనిని కీర్తికాంక్ష అని కొట్టివేయడం సులభమే గాని, కారణం అంతకంటె లోతైనది. మొదటి విడత పరిశీలనల సమాచారం చాలా భాగం ప్రపంచంలో ఎవరైనా అదే రోజున తీసుకొనేలా బహిరంగంగా ఉంచబడింది. తాళం వేసిన గదిలో నెమ్మదిగా పని చేసుకొనే సౌకర్యం ఎవరికీ లేదు. పైగా కొత్త పరికరం. దాని కెమెరాల తూనిక ఇంకా సరిచేస్తూనే ఉన్నారు. ఆ వేసవిలో తూనిక మారినప్పుడల్లా చుక్కల వెలుగు లెక్కలు, వాటితో పాటు దూరాల అంచనాలు కూడా మారాయి.

ఆ గుంపులో ఎక్కువ చర్చకు వచ్చినది సియర్స్-93316 అనే చుక్క. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని అరుణ విస్థాపనం 16.4 అని అంచనా వేశారు. అదే నిజమైతే అది మహావిస్ఫోటం తరువాత సుమారు 24 కోట్ల సంవత్సరాల నాటిది. అంత స్వల్పకాలంలో అంత వెలుగు గల గెలాక్సీ రూపొందడం ప్రబలమైన సిద్ధాంతాలకు మింగుడుపడని సంగతి. ద్రవ్యం పోగుపడడానికే ఆ కాలం చాలదు. అంటే ఆ ఒక్క చుక్క మీద ఒక సిద్ధాంతపు మంచిచెడ్డలు ఆధారపడ్డాయి.

ఆగస్టు నెలలో రోహన్ నాయుడు, ఆయన సహచరులు అదే చుక్కను గురించి రాసిన వ్యాసం ఈ మొత్తం చరిత్రలోనే ప్రత్యేకంగా చెప్పుకోదగినది. వారు దానికి ష్రోడింగర్ పేరు జోడించి, ఒకేసారి రెండు స్థితులలో ఉన్న గెలాక్సీ అభ్యర్థిగా వర్ణించారు. అది అరుణ విస్థాపనం 17 దగ్గరి అద్భుతమైనా కావాలి, 5 దగ్గరి మామూలు గెలాక్సీ అయినా కావాలి. చిత్రాల లెక్క మొదటిదానివైపే మొగ్గుతున్నదని వారు దాచలేదు. అయినా ఇరుగుపొరుగును గమనించారు. ఆ చుక్క చుట్టుపక్కల ఉన్న గెలాక్సీలు అరుణ విస్థాపనం 5 దగ్గరివే. మనిషి ఊరు తెలియనప్పుడు అతడు ఎవరితో కలిసి బండి దిగాడో చూసినట్లుంది ఈ తర్కం. దానిని రుజువు అనలేం. కాని సందేహానికి చోటు కల్పించగల సాక్ష్యం.

2023 మార్చిలో వెబ్ దూరదర్శినిలోని వర్ణపటలేఖిని ఆ తగవు తీర్చింది. దీనిలో సుమారు రెండున్నర లక్షల అతిసూక్ష్మమైన కిటికీలుంటాయి. కావలసిన చుక్కల ముందున్న కిటికీలను మాత్రమే తెరిచి, నూరుకు పైగా గెలాక్సీల వర్ణపటాలను ఒకేసారి తీయవచ్చు. ఆ పరిశీలనలో సియర్స్-93316 అరుణ విస్థాపనం 4.9 అని తేలింది. మహావిస్ఫోటం తరువాత సుమారు 120 కోట్ల సంవత్సరాల నాటిది. మోసం ఎలా జరిగిందో కూడా వర్ణపటమే చెప్పింది. ఆ గెలాక్సీలో ప్రాణవాయువు, హైడ్రోజన్ వెలువరించే ఉద్గార రేఖలు చాలా బలమైనవి. సరిగా 4.9 దగ్గర అవి ఎటువంటి చోట్లకు జరిగాయంటే, 2.7 మైక్రోమీటర్ల నుండి పైనున్న ఫిల్టర్లన్నింటినీ ఒక్కసారిగా వెలుగుతో నింపాయి. ఆ కిందనున్న ఫిల్టరులో వెలుగు మామూలుగానే ఉండడంతో అక్కడ తెగినట్లు కనిపించింది. అరుణ విస్థాపనం 4.7 అయినా, 5.1 అయినా ఈ కాకతాళీయం ఇంత చక్కగా కుదిరేది కాదేమో. ప్రకృతి ఒక్కొక్కప్పుడు తాళం చెవికి నకలు చేసి పెడుతుంది.

అదే పరిశీలనలో, అదే రోజున మెయిసీ గెలాక్సీగా పిలిచే మరో చుక్క కూడా పరీక్షకు నిలిచింది. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవెన్ ఫింకెల్‌స్టైన్ తన కుమార్తె పేరు దానికి పెట్టారు. తొలి అంచనాలో అరుణ విస్థాపనం 14 సమీపమని భావించి, తూనిక సవరించాక 12 దగ్గరకు దించారు. వర్ణపటం 11.4 అని చెప్పింది. సంఖ్య తగ్గింది గాని గెలాక్సీ నిజంగా దూరపుదే. రెండు చుక్కలనూ ఒకే పద్ధతిలో ఏరారు, ఒకే పరికరంతో పరీక్షించారు. ఒకటి నిలిచింది, ఒకటి రాలింది. ఈ రెండింటినీ ఒకే వ్యాసంలో పక్కపక్కన ప్రచురించడం ఆ పరిశోధకుల గౌరవాన్ని పెంచిందే తప్ప తగ్గించలేదు. సియర్స్-93316ను 16 అని రాసినవారూ శాస్త్రధర్మం తప్పలేదు. తమ లెక్కను, ఆధారాన్ని బహిరంగంగా ఉంచారు. ఎక్కడ తప్పు ఉండవచ్చో ఇతరులు వెదకగలిగారు.

మరి లోపం ఎక్కడ? పరిశోధకులు వ్రాసే మాట "అభ్యర్థి". ఆ మాట వ్యాసం నుండి ప్రకటనకు, ప్రకటన నుండి పత్రికా శీర్షికకు ప్రయాణించేలోగా ఎక్కడో దారిలో జారిపోతుంది. నామినేషను పత్రం దాఖలు చేసిన ప్రతివారూ శాసనసభ్యులు కారని అందరికీ తెలుసు. గెలాక్సీల విషయంలో మాత్రం నామినేషను నాడే విజయోత్సవం జరిపే అలవాటు వచ్చింది. 2022 ఆగస్టులో ఈ అలవాటు మరింత వికృతరూపం దాల్చింది. వెబ్ చిత్రాలు మహావిస్ఫోట సిద్ధాంతాన్ని కూల్చివేశాయని ప్రచారం లేచింది. ఒక శాస్త్రజ్ఞురాలు వేరొక సందర్భంలో అన్న మాటను వక్రీకరించి అందుకు సాక్ష్యంగా వాడుకొన్నారు. తొలి గెలాక్సీలు అనుకొన్నదానికంటె ముందుగా పెరిగి ఉంటే, గెలాక్సీలు పెరిగే విధానం గురించిన అవగాహన మారవలసి ఉంటుంది. విశ్వం వ్యాకోచిస్తున్నదన్న సత్యానికి దానివల్ల ముప్పు లేదు. అసలు అరుణ విస్థాపనం అనే కొలబద్దే వ్యాకోచం మీద ఆధారపడినది. ఆ కొలబద్దతో కొలిచి, ఆ కొలబద్దే లేదనడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

2023 ఫిబ్రవరిలో ఆరు భారీ గెలాక్సీల గురించి వెలువడిన వ్యాసానిదీ ఇంచుమించు ఇదే కథ. విశ్వానికి 70 కోట్ల ఏళ్లు నిండకముందే, నేటి పాలపుంతతో పోల్చదగినంత బరువైన గెలాక్సీలు ఉన్నట్లు చిత్రాల లెక్క చెప్పింది. వాటినీ "అభ్యర్థులు" అనే రాశారు. వాటిలో ఒకదాని అరుణ విస్థాపనం 8 అనుకోగా, వర్ణపటంలో 5.6 అని తేలింది. దాని వెలుగులో కొంత భాగం నక్షత్రాలది కాక, కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువుదని కూడా తెలిసింది.

తొందరకు మూలమైన బహిరంగత మరొకవైపు చేసిన మేలును మరువకూడదు. సొంత అంతరిక్ష దూరదర్శిని లేని దేశాలవారు కూడా ఆ సమాచారంతో పరిశోధించగలుగుతున్నారు. పుణెలోని రాష్ట్రీయ రేడియో ఖగోళ భౌతిక కేంద్రం పరిశోధకులు వెబ్ సమాచారంలో వెదకి, అరుణ విస్థాపనం 4 సమీపంలో చక్కని సర్పిలాకార గెలాక్సీని కనుగొన్నారు. దానికి అలకనంద అని పేరు పెట్టి 2025లో వెల్లడించారు. విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయస్సు నాటికే అంత తీర్చిదిద్దిన ఆకృతి ఏర్పడడం ఆశ్చర్యకరమే. సమాచారాన్ని తాళం వేసి దాచి ఉంటే ఆ గౌరవం పుణెకు దక్కి ఉండేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

జల్లెడకు ఆధారమైన హైడ్రోజన్ నియమాన్ని కూడా శ్రీహరికోట నుండి వెళ్లిన ఒక భారతీయ దూరదర్శిని పరీక్షకు పెట్టింది. 2015 సెప్టెంబర్ 28న పి.ఎస్.ఎల్.వి. రాకెట్ మోసుకుపోయిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో అతినీలలోహిత దూరదర్శిని ఉంది. హబుల్ చూసిన లోతైన ఆకాశభాగాన్నే అది కూడా గంటల తరబడి చూసింది. పుణెలోని అయూకా సంస్థకు చెందిన కనక్ సాహా నాయకత్వంలోని బృందం అరుణ విస్థాపనం 1.42 గల గెలాక్సీ నుండి, హైడ్రోజన్ మింగవలసిన హద్దుకు లోపలి కాంతి బయటకు వస్తున్నట్లు 2020లో ప్రకటించింది. అంటే గెలాక్సీలోని హైడ్రోజన్ గోడకు అక్కడక్కడ బీటలుంటాయి. ఆ బీటల గుండా వెలువడిన కాంతే తొలికాలంలో గెలాక్సీల మధ్యనున్న వాయువును మార్చివేసి, విశ్వాన్ని పారదర్శకం చేసి ఉంటుందని శాస్త్రజ్ఞుల భావన. వెలుతురు తెగిన చోటును చూసి దూరం కొలిచేవారికి, తెగకుండా జారివచ్చే వెలుతురు కూడా ముఖ్యమైన సమాచారమే.

సందేహమూ సాహసమూ సరైన పాళ్లలో కలిసినప్పుడు పని ఎలా సాగుతుందో జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ ఉదాహరణ చూపుతుంది. చిత్రంలో అది మరొక దగ్గరి గెలాక్సీ పక్కనే ఆనుకొని ఉన్నట్లు కనిపించింది. దూరానికి మించిన వెలుగుతో ఉంది. ఈ రెండు కారణాల వల్ల కనుగొన్నవారే దానిని పూర్తిగా నమ్మలేదు. అలాగని జాబితా నుండి తొలగించనూ లేదు. మళ్లీ చిత్రాలు తీశారు. 2024 జనవరిలో దాదాపు పది గంటలపాటు వర్ణపటం తీశారు. కాంతి 1.85 మైక్రోమీటర్ల దగ్గర నిర్ద్వంద్వంగా తెగి ఉంది. ఆ సంవత్సరం మే నెలలో అరుణ విస్థాపనం 14.3 అని ప్రకటించారు. 2025లో చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినుల సముదాయం ఆ గెలాక్సీలో ప్రాణవాయువు జాడను పట్టి, విలువను 14.18గా సవరించింది. విశ్వానికి 30 కోట్ల ఏళ్లు నిండేసరికే అక్కడ ఒక తరం నక్షత్రాలు పుట్టి, ప్రాణవాయువును తయారుచేసి, నశించాయన్నమాట. రెండు వేరువేరు పరికరాలు, రెండు వేరువేరు ఆధారాలు చెప్పిన మాట ఒక్కటే కావడంతో దీనిపై అనుమానానికి తావు లేదు. అదే సంవత్సరం మే నెలలో ప్రకటించిన మామ్-జెడ్14 విలువ 14.44. ఈ గెలాక్సీలు సిద్ధాంతాలు ఊహించినదానికంటె ఎక్కువ వెలుగుతో ఉన్నాయి. సియర్స్-93316 రాలిపోయినంత మాత్రాన ఆ చిక్కు తీరలేదు. తొలి గెలాక్సీలలో ధూళి తక్కువని కొందరు, నక్షత్రాలు జల్లులు జల్లులుగా పుట్టాయని కొందరు, కృష్ణబిలాల పాత్ర ఉందని మరికొందరు వాదిస్తున్నారు.

జల్లెడలో చివరికి చిక్కిన చుక్కలలో విచిత్రమైనది కాపోటౌరో. 2025లో దానిని గురించి వెలువడిన వ్యాసం ప్రకారం, 4 మైక్రోమీటర్లకు దిగువనున్న ఫిల్టర్లలో అది కనిపించదు. దూరపు గెలాక్సీ అనుకొంటే అరుణ విస్థాపనం 32 సమీపంలో ఉండాలి. అంటే విశ్వానికి 10 కోట్ల ఏళ్లు నిండకముందటి సంగతి. లేదా పాలపుంతలోనే ఉన్న అతిచల్లని గోధుమ మరుగుజ్జు కావచ్చు. రాసినవారు రెండు వివరణలనూ పక్కపక్కన ఉంచి, దేనికీ పట్టం కట్టలేదు. దగ్గరి వస్తువైతే ఏళ్లు గడిచిన కొద్దీ పక్క చుక్కల నడుమ దాని స్థానం వెంట్రుకవాసి జరగాలి. విశ్వపు తొలినాటి గెలాక్సీ అయితే ఉన్నచోటనే ఉంటుంది. అది తెలియడానికి అదే ఆకాశభాగాన్ని మరికొన్నేళ్ల తరువాత మళ్లీ చిత్రించి, పాత చిత్రం పక్కన పెట్టి చూడాలి.